రెండు రూపాయల మిత్తి ఎక్కువనా, పన్నెండు శాతం ఎక్కువనా?

అమ్మలకు, నాయినలకు, పిల్లల్ని బడికి తోల్కొచ్చే తాతలకు, నానమ్మలకు అందరికీ నమస్తే.

ఈసారి పరీక్షల మార్కులు, ఆటల పోటీల సంగతులు వెనక పేజీల పెట్టిన. ముందు పేజీ మొత్తం ఒక్క ముచ్చటకే తీస్కున్న, ఎందుకంటే పోయిన నెల ఎనిమిదో తరగతిల ఒక పిల్లగాడు అడిగిన మాట నా మనసుల నుంచి పోతలేదు. లెక్కల సార్ సెలవుల ఉంటే నేనే క్లాసుకు పోయిన, బారువడ్డీ పాఠం నడుస్తుంది, బోర్డు మీద బ్యాంకు వడ్డీ 12 శాతం అని రాసిన్నో లేదో వాడు లేచి "మేడం, బ్యాంకోళ్ళు పన్నెండు తీస్కుంటరా? మా నాయినకు సేటు మూడు రూపాయలకే ఇస్తడు, సేటే నయం కదా" అన్నడు. క్లాసుల సగం మంది అవునవును అని తలలూపిన్రు.

వాళ్ళ తప్పేం లేదు. ఇంట్ల వినేది రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి అని, పుస్తకంల చదివేది ఏడాదికి ఇంత శాతం అని, ఒకటి నెల లెక్క, ఇంకోటి ఏడాది లెక్క అని మనం ఎవ్వరం వాళ్ళకు చెప్పలేదు, నేను కూడా ఇన్నేండ్ల సర్వీసుల చెప్పలేదు. రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, పన్నెండు నెలలకు 24, అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం. 50 వేలు తెస్తే బ్యాంకు 12 శాతం లెక్కన ఏడాదికి 6 వేలు, రెండు రూపాయల లెక్కన 12 వేలు, మూడు రూపాయల లెక్కన 18 వేలు. ఇది బోర్డు మీద వేసి చూపించినంక ఆ పిల్లగాడు చాలాసేపు చూసి, "మరి మా నాయినకు ఎవ్వరు చెప్పలేదా మేడం" అన్నడు. నేనేం చెప్పాలె?

అందుకే ఈ ఏడాది లెక్కల పీరియడ్‌ల వారానికొకసారి మన ఇంటి లెక్కలే చేపిస్తున్నం. నోటు తిరగరాసుడు మీకందరికీ తెలిసిందే, ప్రాంసరీ నోటు మూడేండ్లే చెల్లుతది కాబట్టి ఆ లోపల మిత్తిని అసలుల కలిపి కొత్త నోటు రాపిస్తరు. లక్ష రూపాయలు రెండు రూపాయల మిత్తికి తెస్తే మూడేండ్లకు 1,72,000, ఆ మొత్తాన్ని అసలు చేసి మళ్ళ నోటు రాస్తే ఇంకో మూడేండ్లకు 2,95,840. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఈ లెక్క రెండుసార్లు తప్పు వచ్చిందనుకొని మళ్ళ మళ్ళ చేసిన్రు. ఆరేండ్లల లక్ష దాదాపు మూడు లక్షలు. అది తప్పు లెక్క కాదు బిడ్డా, అదే చక్రవడ్డీ అని చెప్పిన.

గిరిగిరి ఫైనాన్స్ లెక్క కూడా చేసినం. 10 వేలు అని చెప్పి వెయ్యి ముందే పట్టుకొని 9 వేలు చేతిల పెడ్తరు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలె. వెయ్యే కదా పోయేది అనిపిస్తది, కానీ రోజూ కడుతనే ఉంటం కాబట్టి ఆ 9 వేలు వంద రోజులు మన దగ్గర ఉండయి, సగటున చూస్తే అందుల సగమే ఉంటయి. పదో తరగతోళ్ళు ఏడాది లెక్కన తీస్తే 80 శాతం దగ్గరికి వచ్చింది. కూరగాయల బండి పెట్టుకునే అమ్మలు, ఆటో నడిపే అన్నలు మన బడి పిల్లల ఇండ్లల్లనే ఉన్నరు, వాళ్ళ కోసమే ఈ లెక్క మళ్ళ రాస్తున్న.

ఇది రాసింది సేట్లను, ఆడ్తిదారులను తిట్టడానికి కాదు. అర్ధరాత్రి దవాఖానకు పైసలు కావాలంటే తలుపు తీసేది వాళ్ళే, బ్యాంకు తియ్యదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ విత్తనాలకు, మందులకు జూన్‌ల తెచ్చే పైసలు రాత్రికి రాత్రి కావాల్సినయి కావు కదా. పట్టా పాసుబుక్కు ఉన్నోళ్ళకు బ్యాంకుల పంట రుణం 3 లక్షల దాక 7 శాతానికే ఉంది, టైంకు కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతది. అంటే నూటికి నెలకు ముప్పై ఐదు పైసలు కూడా లేదు. మహిళా సంఘంల ఉన్న అమ్మలు సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధి నుంచి, సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చే లింకేజీ లోన్ నుంచి తీస్కోవచ్చు. కౌలుకు చేసేటోళ్ళకు కాగితాల కాడనే ఆగిపోతది, అది నిజంగ బాధ, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంక సిబిల్ గురించి, అంటే మనం అప్పులు ఎట్ల కడుతున్నమో చూసి బ్యాంకులకు చెప్పే స్కోరు గురించి. ఇది నా సొంత ముచ్చట. కొన్నేండ్ల కింద మా దగ్గరి చుట్టం ఒకాయన బండి కొనుక్కుంటే జమానతు సంతకం పెట్టిన, ఆయన కిస్తీలు ఆపేసిండు, నాకు ఒక్క ఫోన్ రాలేదు, నేను అడుగలేదు. మా అబ్బాయి ఇంజనీరింగ్‌కు ఎడ్యుకేషన్ లోన్ కోసం పోతే బ్యాంకు మేనేజర్ కంప్యూటర్ చూసి "మేడం, మీ మీద ఒక బాకీ కనవడుతుంది" అన్నడు. గవర్నమెంటు నౌకరి ఉండి, ఒక్క రూపాయి ఎగ్గొట్టని మనిషిని నేను, ఆ కుర్చీల కూసున్నప్పుడు నా మొఖం ఎట్లయిందో ఇప్పటికీ గుర్తుంది. జమానతు అంటే సాక్షి సంతకం కాదు, ఆయన కట్టకపోతే నేను కడత అనే మాట. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాక ఉంటది, కిస్తీ లేటయితే తగ్గుతది, సెల్‌ఫోన్ కిస్తీ అయినా సరే. ఇట్ల స్కోరు లెక్క పెట్టే కంపెనీలు నాలుగు ఉన్నయి, ఒక్కో కంపెనీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉత్తగనే ఇయ్యాలె. మీ పిల్లలు ఇంటర్‌కు వచ్చేలోపల ఒకసారి తీసి చూడండి, లోన్ కావాల్సిన వారం ముందు చూస్తే ఏం చెయ్యలేం.

పెద్ద పిల్లల గురించి రెండు మాటలు, ఇవి భయంతోనే రాస్తున్న. మన బడిల చదివి కాలేజీకి పోయిన ఒక పిల్లగానికి ఎవరో దోస్తు "నీ ఏటీఎం కార్డు, సిమ్ నెల రోజులు ఇయ్యి, రెండు వేలు ఇస్త" అన్నడట. ఇచ్చిండు. మోసం చేసిన పైసలు ఆ ఖాతాల నుంచి పోయినయి, ఖాతా ఆపేసిన్రు, ఈ పోరడు పోలీస్ స్టేషన్ల చుట్టు తిరుగుతున్నడు. ఖాతా కిరాయికి ఇచ్చుడు అంటే దొంగ సొత్తు ఇంట్ల దాచిపెట్టుకున్నట్టే అని ఇంట్ల గట్టిగ చెప్పండి. ఫోన్‌ల పైసలు రావాలంటే పిన్ కొట్టాల్సిన పనే లేదు, పిన్ కొడితే పైసలు పోతయి, ఇది నానమ్మలకు కూడా నేర్పించుమని ఏడో తరగతోళ్ళకు హోంవర్క్ ఇచ్చిన. పోయినయంటే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలె, ఎంత జల్ది చేస్తే అంత ఆశ ఉంటది. లోన్ యాప్‌లు అయితే ఫోన్‌ల ఉన్న నంబర్లన్నీ గుంజుకొని చుట్టాలకు ఫోన్లు చేసి ఇజ్జత్ తీస్తరు, 2020ల మన రాష్ట్రంల దీనివల్ల ప్రాణాలు పోయినయి.

చిన్నోళ్ళకు మంచి సంగతి. పదేండ్లు నిండిన పిల్లలు సొంతంగ ఖాతా తెరిచి వాళ్ళే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025ల చెప్పింది, ఎంత దాక అనేది ఒక్కో బ్యాంకు ఒక్కో తీరు పెట్టుకుంటది. పదేండ్ల లోపు ఆడపిల్ల ఇంట్ల ఉంటే పోస్టాఫీసుల సుకన్య ఖాతా, ఏడాదికి 250తో కూడా నడుస్తది.

మీతోని నాకు కావాల్సింది ఒక్కటే. ఇంట్ల పైసల ముచ్చట వచ్చినప్పుడు "నువ్వు పోయి చదువుకో పో" అని పిల్లల్ని బయటికి పంపకండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మి తక్‌పట్టీ, అదే అమ్మకం చిట్టీ, తెస్తరు కదా, దాన్ని పిల్లల ముందట పెట్టండి, ఎన్ని క్వింటాళ్ళు, ఏం ధర, హమాలీకి ఎంత పోయింది, పాత బాకీ కింద ఎంత పట్టుకున్నరు అని వాళ్ళనే చదవనీయండి. అప్పుంది అని తెలిస్తే పిల్లల మనసు చిన్నబోతది అంటరు మీరు, కానీ వాళ్ళకు ఎట్లనన్న తెలుస్తనే ఉంది, సగం సగం తెలుస్తుంది, ఆ సగమే వాళ్ళను ఎక్కువ భయపెడుతుంది. ఆ ఎనిమిదో తరగతి పిల్లగాడు మర్నాడు వాళ్ళ నాయినతోని కూసొని లెక్క చేసిండట. ఆయన బడికి వచ్చి "మేడం, సంఘంల లోన్ తీసి సేటుది కట్టేద్దామనుకుంటున్నం, వీడే రాసిచ్చిండు" అని కాగితం చూపించిండు. గుణకారంల ఒక సున్నా తప్పు ఉండె, సరిచేసి పంపిన.

ఈ నెల మూడో శనివారం పేరెంట్స్ మీటింగ్‌ల మార్కుల ముచ్చట జల్ది ముగించి ఈ లెక్కలకే కూసుందాం, బ్యాంకు నుంచి కూడా ఒకరిని రమ్మని అడిగిన. మీ దగ్గర ఏ కాగితం ఉన్నా తెచ్చుకోండి, ఫైనాన్స్ కార్డు, చిట్టీ పుస్తకం, బంగారం కుదువ పెట్టిన రసీదు, ఏదైనా సరే, పేరు కనవడకుండ మడత పెట్టుకొని రండి, పదో తరగతి పిల్లలు లెక్క వేసి ఏడాదికి ఎంత శాతమో చెప్తరు. పత్తి ఏరే రోజులు కాబట్టి పొద్దున రాలేనోళ్ళు సాయంత్రం ఐదు తర్వాత రండి, చీకటి పడేదాక నేను ఆఫీసు రూంలనే ఉంట.

మీ హెడ్ మేడం