ముక్తినాథ్ ఎత్తెంతో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో నేపాల్ యాత్ర మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. పశుపతినాథ్, మనకామన, ముక్తినాథ్, లుంబిని, చిత్వన్ అడవి, అన్నీ చెప్పారు. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు, మన వంద రూపాయలకు వాళ్ల నూట అరవై వస్తాయి, ఇలాంటివన్నీ బాగానే రాశారు. ఒక్కటి మాత్రం లేదు. ఏ ఊరు ఎంత ఎత్తులో ఉందో ఎక్కడా చెప్పలేదు. అది తెలియక మేం పడ్డ పాట్లు ఇంకెవరూ పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటేడాది అక్టోబరులో మా పెదనాన్న, పెద్దమ్మ, నేను ఒక టూర్ వాళ్లతో వెళ్లాం. పెదనాన్నకు 66 ఏళ్లు. రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తారు, బీపీ మాత్ర తప్ప ఇంకో మందు లేదు. ముక్తినాథ్ వెళ్లాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. 108 దివ్యదేశాల్లో అదొకటి కదా, తిరుమంగై ఆళ్వార్ పాడిన సాలగ్రామ క్షేత్రం. ముందు చిత్వన్‌లో రెండు రోజులు ఉన్నాం. అది 200 మీటర్ల ఎత్తు కూడా లేని గడ్డి మైదానం. జీపు ఆపితే ఒంటికొమ్ము ఖడ్గమృగం ఇరవై అడుగుల దూరంలో గడ్డి నములుతూ కనిపించింది, పక్కన ఒక కొంగ, మేం ఉన్నామన్న ధ్యాసే లేదు రెంటికీ. 2021 లెక్కలో నేపాల్ మొత్తం ఖడ్గమృగాలు 752 ఉంటే అందులో 694 ఈ ఒక్క పార్కులోనే ఉన్నాయి. ఆ దేశంలో పులులు కూడా 2009లో 121 ఉన్నవి 2022కి 355 అయ్యాయి. పార్కు ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల ఊళ్లకే ఖర్చుపెడతారు. అడవిని ఊళ్లవాళ్లే కాపాడుకుంటున్నారంటే అదీ ఒక కారణమే అని నాకనిపించింది.

అక్కడి నుంచి పోఖరా. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కిస్తే సాయంత్రం ఆరింటికి ముక్తినాథ్ గుడి కింద రాణీపౌవా అనే ఊళ్లో దిగాం. పోఖరా 800 మీటర్ల చిల్లర, రాణీపౌవా 3,700. ఒక్క పగట్లో దాదాపు మూడు కిలోమీటర్లు నిలువుగా పైకి వెళ్లిపోయాం, అదీ సీట్లో కూర్చుని, కాళ్లకు ఏ కష్టమూ లేకుండా, అందుకే పైకి వచ్చామన్న సంగతి ఒంటికి తెలిసేసరికి రాత్రయింది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు, ప్రతి ఊపిరిలో అందే ఆక్సిజనూ అంతే తగ్గిపోతుంది.

రాత్రి భోజనం దగ్గర పెదనాన్న రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేశారు. తలనొప్పి అన్నారు. పదింటికి వాంతి, పదకొండింటికి ఇంకోటి. టూర్ మేనేజర్ వచ్చి చూసి, ప్రయాణం బడలిక, గ్యాస్ అని ఒక మాత్ర ఇచ్చి, పొద్దున గుడికి వెళ్లి స్నానం చేస్తే అంతా సర్దుకుంటుందని చెప్పి వెళ్లి పడుకున్నాడు. లాడ్జి నడిపే ఆవిడ, అందరూ దీదీ అని పిలుస్తారు, వేడినీళ్లు తెచ్చి పెదనాన్న మొహం చూడగానే 'లేక్ లాగ్యో' అంది. కొండ ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాళ్ల మాట అది. పెదనాన్నను లేపి నేల మీది చెక్కపట్టీ వెంబడి తిన్నగా నడవమంది. తూలకుండానే నడిచారు. అయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే కిందికి దింపండి అని తనే జీపును పిలిపించింది. ఆ చలిలో, ఆ చీకట్లో పెద్దమ్మ దేవుడి పేరు తలుచుకుంటూ కూర్చుంది, నాకైతే టెన్షన్‌తో చేతులు వణికాయి.

జీపు మమ్మల్ని దింపిన జొమ్‌సొమ్ 2,700 మీటర్లు. అంటే వెయ్యి మీటర్లు కిందికి. ఆసుపత్రిలో కాసేపు ఆక్సిజన్ పెట్టారు, తెల్లవారేసరికి తలనొప్పి సగానికి సగం తగ్గింది. అక్కడి డాక్టరు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. తలనొప్పి, వాంతి దగ్గరే దిగితే ఫరవాలేదు, అడుగులు తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం రావడం మొదలైతే మెదడుకో ఊపిరితిత్తులకో నీరు పట్టిందని అర్థం, అప్పుడు గంటలు కూడా లెక్కే. ఆ మేనేజర్ మాట విని పొద్దుటిదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

టూర్ బస్సు వెళ్లిపోయింది. మేం ముగ్గురం పక్కనే మార్ఫా అనే ఊళ్లో రెండు రాత్రులు ఉండిపోయాం. తెల్లసున్నం కొట్టిన రాతి ఇళ్లు, మిద్దెల మీద పేర్చిన కట్టెలు, ఎక్కడ చూసినా ఆపిల్ తోటలు. మూడో రోజు తలనొప్పి అస్సలు లేదు, డాక్టరు మళ్లీ చూసి సరేనన్నాకే పొద్దున జీపులో పైకి వెళ్లాం, సాయంత్రానికి కిందికి వచ్చేశాం. అదే పెదనాన్న, అదే ముక్తినాథ్, ఈసారి ఏమీ కాలేదు. గుడి వెనక అర్ధచంద్రాకారంలో గోడ, గోడకు 108 ధారలు, ఒక్కొక్కటీ ఎద్దుమొహం నోట్లోంచి పడుతుంది, నీళ్లు మంచులా కొరికేస్తాయి. ధారల కింద తల పెట్టవద్దని డాక్టరు ముందే చెప్పడంతో పెదనాన్న ఒక్కో ధార దగ్గరా ఆగి చేత్తో నీళ్లు చల్లుకుంటూ నూట ఎనిమిదీ పూర్తిచేశారు. కింద జ్వాలామాయి గుడిలో బౌద్ధ సన్యాసినులే దీపారాధన చూస్తారు, జాలీ వెనక నీళ్ల సవ్వడి పక్కనే భూమిలోంచి వచ్చే గ్యాస్‌తో చిన్న నీలిమంట వెలుగుతూ ఉంటుంది. పెదనాన్న అక్కడ చాలాసేపు కూర్చున్నారు.

నాకు బాధ కలిగించే విషయం ఏంటంటే, ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లందరికీ ఇది తెలుసు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. అన్నపూర్ణ చుట్టూ నడిచేవాళ్లు 3,540 మీటర్ల మనాంగ్‌లో ఒక రోజు ఆగే వెళ్తారు, 1973 నుంచి పనిచేస్తున్న హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల క్లినిక్ అక్కడే ఉంది. పాతకాలంలో ముక్తినాథ్ యాత్రికులు కూడా రోజుల తరబడి నడిచే వెళ్లేవాళ్లు కాబట్టి ఒళ్లు దానంతటదే అలవాటుపడేది. రోడ్డు పడ్డాక ఆ రోజులన్నీ ఒక్క పగలైపోయాయి. ఎక్కువ వయసున్నవాళ్లు, బీపీ షుగర్ ఉన్నవాళ్లు వెళ్లేది యాత్రకే, వాళ్లకే ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో మన పాఠకులకు చెప్పక్కర్లేదు. ఆ తుపాను మిగులే రెండు రోజుల తర్వాత ముక్తినాథ్ పైన ఉన్న 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ మీద మంచుతుపానై కురిసింది. ఆ కొండల్లో కనీసం 43 మంది చనిపోయారు. కనుమ దాటి ముక్తినాథ్‌కు దిగుతున్నవాళ్లూ అందులో ఉన్నారు. బంగాళాఖాతంలో తుపాను ఉందంటే నేపాల్ వెళ్లేవాళ్లు కూడా వాతావరణం చూసుకోవాలని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

అందుకని మీకు నా విన్నపం ఇది. యాత్రల పేజీలో ఊరి పేరు పక్కన బ్రాకెట్లో ఎత్తు వేయండి. పోఖరా 800, మార్ఫా 2,670, కాగ్‌బేని 2,800, రాణీపౌవా 3,700, అంతే, ఒక్క లైను కూడా పట్టదు. టూర్ ప్రకటనలు ఇచ్చేవాళ్లను కూడా రాత్రి పడుకునే చోటు ఎత్తెంతో రాయమని అడగండి. మీరు అడిగితే వాళ్లు రాస్తారు. యాత్రకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది కూడా ఒక్కటే. పోఖరా నుంచి నేరుగా పైకి వెళ్లి పడుకోవద్దు, మార్ఫాలోనో జొమ్‌సొమ్‌లోనో రెండు రాత్రులు ఉండి, పొద్దున దర్శనానికి వెళ్లి సాయంత్రం కిందికి వచ్చేయండి. జొమ్‌సొమ్‌కి విమానంలో వెళ్లాలంటే మాత్రం పొద్దుటి పూటే, మధ్యాహ్నమయ్యేసరికి కాళీగండకీ లోయలో గాలి విపరీతం. ఎత్తు జబ్బు రాకుండా వాడే డైమాక్స్ మాత్ర సంగతి బయల్దేరకముందే మీ డాక్టర్ని అడగండి.

ఆ దీదీకి ఫోన్ చేసి ఈ ఉత్తరం గురించి చెప్పాం. వచ్చే సీజన్‌లో మా పిన్నీ బాబాయ్ వెళ్తున్నారు, వాళ్లకు మార్ఫాలో గది ఇప్పుడే చెప్పి ఉంచాం.

ఇట్లు,
మీ పాఠకురాలు