అమ్మా, చిన్నది బాగానే ఉంది

అమ్మా,

నిన్న ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. నువ్వు ఏడిస్తే నాకు మాట రాదు, అందుకే రాస్తున్నాను. ఆఫీసు మామూలే. ఆయన బాగున్నారు.

"అన్నం పడకపోవడమేంటే, ఎక్కడైనా ఉందా?" అన్నావు. డాక్టర్‌తో నేనూ అదే అన్నాను. ఎలర్జీ అంటే దద్దుర్లు, మూతి వాపు, ఆయాసం అనుకుంటాం కదా. చిన్నదానికి అవేమీ రాలేదు. మెత్తటి అన్నం నాలుగు చెంచాలు తిని హాయిగా ఆడుకుంది. రెండు గంటలకు వాంతి మొదలైంది. పదిసార్లు అయ్యాక లెక్కపెట్టడం మానేశాను. తెల్లగా పాలిపోయి నా భుజం మీద తడిగుడ్డలా వాలిపోయింది. అరచేతిలో నా వేలు పెడితే పట్టుకోలేదు. ఎప్పుడూ వదలదే! అదొక్కటీ మర్చిపోలేకపోతున్నాను.

మొదటిసారి ఇన్ఫెక్షన్ అన్నారు. సెలైన్ ఎక్కించి, యాంటీబయోటిక్స్ ఇచ్చి పంపారు. మూడు వారాలకు మళ్ళీ పెట్టాను, నా చేత్తోనే. మళ్ళీ సరిగ్గా రెండు గంటలకే. అప్పుడు చెప్పారు, దీన్ని ఎఫ్‌పైస్ (FPIES) అంటారట, ఏదో ఒక తిండి పడక పేగుల్లో వచ్చే ఒక రకం ఎలర్జీ. తిన్న 1 నుంచి 4 గంటల్లో వాంతులు మొదలవుతాయి. మామూలు ఎలర్జీ పరీక్షల్లో చాలావరకు ఏమీ కనబడదు. "రిపోర్టులన్నీ బాగున్నాయిగా" అని నాన్న అన్నది అందుకే, ఆయన తప్పేం లేదు. మళ్ళీ వాంతులైతే వెంటనే సెలైన్ పెట్టమని డాక్టర్ రాసిచ్చిన కాగితం ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. ఎందుకంటే కొత్త ఆసుపత్రికి వెళ్తే వాళ్ళూ ఇన్ఫెక్షన్ అనే అంటారు.

నా పాల వల్ల కాదు, ఆ మాట మళ్ళీ అనకు. నేను అన్నం తినొచ్చన్నారు. తింటున్నాను గానీ, అది నా కంచం వైపు చూస్తుంటే ముద్ద దిగదు.

పిల్లని పస్తు పెట్టట్లేదమ్మా. కొత్తవి ఒక్కొక్కటే, నాలుగేసి రోజులు చూసి పెడుతున్నాం. ఓట్స్ వద్దన్నారు, బియ్యం పడని పిల్లల్లో కొందరికి అదీ పడదట. గుమ్మడికాయ గుజ్జు మాత్రం చెవుల దాకా పూసుకుని తింటోంది.

నువ్వు వచ్చాక నాకు తెలియకుండా ఒక్క మెతుకు కూడా పెట్టకు. కోపం తెచ్చుకోకు. 3 నుంచి 5 ఏళ్ళు వచ్చేసరికి చాలామందికి పోతుందట. అప్పుడు కూడా ఇంట్లో కాదు, ఆసుపత్రిలో వాళ్ళ ఎదుటే కొంచెం పెట్టి చూస్తారు.

నాన్న మోకాలి సంగతి అడిగిన ప్రతిసారీ మాట మార్చేస్తున్నావు. ఈసారి చెప్పు. చిన్నదానికి కింద రెండు పళ్ళు వచ్చాయి, కరుస్తోంది.

నీ
చిట్టి