రాని ప్యాకెట్ల లెక్క

హన్మకొండ

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. టవరు లేకుండా ఫోన్లే ఒకదానికొకటి కబురు అందించుకునే నెట్‌వర్కుల మీద నువ్వు రాస్తున్న థీసిస్‌లో, ప్యాకెట్లు (కబురును కోసిన ముక్కలు) చేరడానికి పట్టే ఆలస్యం గురించిన మూడో అధ్యాయం చదివాను. నెట్‌వర్కుల సంగతి నువ్వు చెప్పినంతవరకే నాకు తెలుసు. కానీ స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని, ‘సగటు’ కనిపిస్తే ఎర్ర పెన్ను దానంతటదే చేతిలోకి వస్తుంది.

ఆలస్యాన్ని ముక్కలుగా విడదీసిన తీరు బాగుంది. 512 బైట్ల ప్యాకెట్‌ను సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున గాల్లోకి వదలడానికి సుమారు 2 మిల్లీసెకన్లు. అది 250 మీటర్లు దాటడానికి ఒక్క మైక్రోసెకను కూడా అక్కర్లేదు. అదే ప్యాకెట్ మధ్యలో ఏదో ఒక నోడు (కబురు అందించే ఫోను) దగ్గర 50 ప్యాకెట్ల క్యూ చివర నిలబడితే, వంతు వచ్చేసరికి 100 మిల్లీసెకన్లు దాటిపోతాయి. చుట్టుపక్కల నోడ్లు కూడా అదే చానల్ కోసం పోటీపడుతుంటే ఇంకా ఎక్కువ. అసలు దారే తెలియకపోతే ఏఓడీవీ, అంటే నువ్వు వాడిన దారి వెతికే ప్రోటోకాల్, ముందు దారి వెతుక్కోవాలి. దాని నియమాలు రాసిన 2003 నాటి పత్రం ఆర్ఎఫ్‌సీ 3561లోని విలువలతో లెక్కేస్తే, ఆ వెతుకులాటకు జవాబు కోసం ఎదురుచూసే గడువే 2.8 సెకన్లు. మైక్రోసెకన్లనూ సెకన్లనూ ఒకే సగటులో కలిపేస్తే ఏది ఎంత సమయం తిన్నదో ఎవరికి తెలుస్తుంది? ఈ అంకెలన్నీ నీ అధ్యాయంలో ఉన్నాయి, ఫలితాల దగ్గరికి వచ్చేసరికి మాయమయ్యాయి.

అసలు పేచీ నాలుగో గ్రాఫుతో. నోడ్ల వేగం సెకనుకు 10 మీటర్ల నుంచి 20కి పెరిగితే సగటు ఆలస్యం తగ్గిందని చూపించి, ప్రోటోకాల్ వేగాన్ని బాగా తట్టుకుందని రాశావు. నాకు నమ్మకం కుదరక నువ్వు పంపిన ట్రేస్ ఫైలు, అంటే సిమ్యులేషన్‌లో ప్రతి ప్యాకెట్‌కూ ఏమైందో వరుసగా రాసిన చిట్టా, తెరిచాను. ‘ఎస్’తో మొదలయ్యే వరుసలో పంపిన సమయం, ‘ఆర్’తో మొదలయ్యే వరుసలో అందిన సమయం. రెండింటి తేడాయే ఆలస్యం. మరి ‘డి’ వరుసల మాటేమిటి? అవి దారిలో రాలిపోయినవి. కొన్నింటి పక్కన ఎన్ఆర్‌టీఈ, అంటే దారి దొరకలేదు. కొన్నింటి పక్కన ఐఎఫ్‌క్యూ, అంటే క్యూ నిండిపోయింది. వాటికి ‘ఆర్’ వరుస ఉండదు కాబట్టి నీ ప్రోగ్రాం వాటిని లెక్కలోకే తీసుకోలేదు.

వేగం పెరిగేకొద్దీ ముందు తెగేవి పొడవాటి దారులే. అయిదారు నోడ్లు దాటాల్సిన ప్యాకెట్లు పోయి, పక్కపక్క నోడ్ల మధ్య తిరిగేవి మిగిలితే సగటు తగ్గక ఏం చేస్తుంది? పరీక్ష రాయనివాళ్లను వదిలేసి తరగతి సగటు ఘనంగా చూపించే కిటుకు మా స్టాఫ్ రూములో అందరికీ తెలిసిందే.

అందుకని ప్రతి సగటు పక్కన నూటికి ఎన్ని ప్యాకెట్లు అందాయో రాయి. అందనివాటి ఆలస్యం అనంతం అనుకుని మధ్యగతం (మీడియన్), 90వ శతాంశం (నూటికి 90 ప్యాకెట్లు అంతకు లోపే చేరే ఆలస్యం) కట్టు. సగానికి మించి అందితే మధ్యగతం నిలబడుతుంది. నూటికి 80 మాత్రమే అందిన చోట 90వ శతాంశం అనంతమే అవుతుంది, ఆ గడిలో అదే రాసెయ్యి. మీ గైడు అడిగితే జవాబు నీ దగ్గర ఉంటుంది. దాటిన నోడ్ల సంఖ్యను బట్టి పట్టికలు విడగొడితే నేను చెప్పింది నిజమో కాదో కూడా తేలిపోతుంది.

ఇంకొకటి. సెకనుకు 20 మీటర్లంటే గంటకు 72 కిలోమీటర్లు. చేతిలో ఫోను పట్టుకుని నడిచే మనిషి గురించి ముందుమాటలో రాసి, సిమ్యులేషన్‌లో అతన్ని హైవే ఎక్కించావు. కనీస వేగం సున్నా పెట్టావేమో కూడా చూసుకో. అలా పెడితే నువ్వు వాడిన ర్యాండమ్ వేపాయింట్ నమూనాలో, అంటే నోడ్లు ఎటో ఒక చోటు ఎంచుకుని అక్కడికి కదిలే పద్ధతిలో, సగటు వేగం పోనుపోను పడిపోతుందని 2003లోనే తేల్చారు.

టవరు లేని నెట్‌వర్కు ఎవరికి కావాలని మీ నాన్న అడిగారు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కి నిలబడ్డ సంగతి గుర్తుచేశాను. అలాంటి చోట ఫోను నుంచి ఫోనుకు కబురు చేరవేసే ఏర్పాటు ఉంటే, కప్పు మీదున్నవాళ్లకు కావలసింది నీ ‘డి’ వరుసల లెక్కే. ఆయన ఇంకేమీ అనలేదు, టీ మాత్రం ఇంకో కప్పు అడిగారు.

కొత్త గ్రాఫులు గీయడానికి తొందరపడకు. ముందు ఒక్కో వేగానికి ‘డి’ వరుసలు ఎన్నో, ఏ కారణానికి ఎన్నో పట్టిక వేసి ఆదివారంలోగా పంపు.

మీ అమ్మ