ఏడు సంతకాలకు ముందు బైలాలు చదవాలి

సంపాదకుడు గారికి,

కాలనీ సంక్షేమ సంఘాలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, ఊరి సాంస్కృతిక సంస్థలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందే నమోదవుతున్నాయి. అందుకు కనీసం ఏడుగురు వ్యవస్థాపక సభ్యులు సంతకాలు చేయాలి. ఎవరిదో పాత బైలాల (సంఘం నడిచే నియమావళి) కాపీ తెచ్చి, పేరు మార్చి, పేజీ పేజీకీ సంతకాలు పెట్టించేయడం మామూలైపోయింది. తగవు వచ్చిన రోజున మాత్రం అందరూ వెతికేది ఆ కాగితాలనే.

ముఖ్యంగా కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, చూడాలి. మూడింట రెండొంతుల మంది రావాలని రాసి ఉంటే, 150 మంది ఉన్న సంఘంలో 100 మంది రావాలి. అంతమంది ఎప్పటికీ రారు. మూడో వంతు చాలనీ, అదీ లేకపోతే అరగంట ఆగి అదే అజెండాతో వచ్చినవారితో సమావేశం జరుపుకోవచ్చనీ రాసుకుంటే పని సాగుతుంది. బైలాల సవరణకు, ఆస్తి అమ్మకానికి మాత్రం ఈ సడలింపు ఇవ్వకూడదు.

వ్యవస్థాపకులకు చట్టం ప్రత్యేక ఓటేమీ ఇవ్వలేదు. అయినా "వ్యవస్థాపకులు శాశ్వత కార్యవర్గ సభ్యులు" అన్న వాక్యం చాలా బైలాల్లో కనిపిస్తుంది. సంఘాల్ని చీల్చేది ఇదే. రెండేళ్ల పదవీకాలం, వరుసగా రెండుసార్లకు మించి అదే పదవి వద్దన్న నిబంధన మొదటి రోజే పెట్టాలి. పదవిలో కూర్చున్నాక ఎవరూ పెట్టరు.

సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కొత్త కార్యవర్గ జాబితాను జిల్లా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఇది మానేసిన సంఘంలో కార్యదర్శి ఊరు మారితే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. సంతకందారులను మార్చాలంటే బ్యాంకు తీర్మానంతోపాటు రిజిస్ట్రార్ ధ్రువీకరించిన జాబితా అడుగుతుంది. ఏళ్ల తరబడి దాఖలు కాని జాబితాలను అప్పటికప్పుడు పుట్టించబోతే పాత కార్యవర్గం అభ్యంతరం చెబుతుంది. ఇక మధ్యవర్తిత్వమో, జిల్లా కోర్టో. అంతవరకు వాచ్‌మన్ జీతానికీ డబ్బు తీయలేరు. ఖాతాకు ముగ్గురు సంతకందారులను పెట్టి, ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లేలా ఉంచుకుంటే కొంత నయం.

రిజిస్ట్రేషన్ శాఖ తెలుగులో సరళమైన నమూనా బైలాలు తయారుచేసి ప్రతి జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో అందుబాటులో ఉంచాలి. జాబితా దాఖలు గడువును దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబర్లకు ఏటా సందేశంగా పంపాలి. ఒక్క కార్యదర్శికి కాదు, ఏడుగురికీ.

– ఒక పాఠకుడు, విజయవాడ