సూది పిల్లకు సరే, తల్లి సంగతేంటి?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాతో ఆ క్యాన్సర్ గీత జారుబండలా కిందికి దిగిపోయే గ్రాఫును మీరు సభల్లో తరచూ చూపిస్తున్నారు. ఆ గీత అబద్ధమని నేననను. దాని కింద వేసిన సంవత్సరాలను కూడా ఒకసారి చదవమంటాను, అంతే. క్యాన్సర్ రిజిస్టర్లలో అంకెలు సరిచూడటం నా ఉద్యోగం.

టీకా మీద నాకు అనుమానం లేదు. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకే వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది. కానీ ఆ వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. అంటే ఇవాళ బడిలో సూది వేయించుకున్న పిల్లకు దాని ఫలం అందేది పెద్దయ్యాకే. ఆ పిల్లకు జడవేసి పంపిన తల్లికైతే ఆ సూదితో ఒరిగేదేమీ లేదు.

ముందు ముందు ఏమవుతుందో లెక్కగట్టే మోడళ్లు చెప్పిందీ ఇదే. 78 అల్ప, దిగువ మధ్యాదాయ దేశాల కోసం మూడు మోడళ్లతో వేసిన లెక్క 2020లో వచ్చింది. టీకా ఒక్కటే అయితే 2030 నాటికి మరణాలు తగ్గేది 0.1 శాతం. స్క్రీనింగ్ (లక్షణాలు కనిపించకముందే చేసే పరీక్ష), చికిత్స తోడైతే 34 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 90-70-90 అన్నది అందుకే: 15 ఏళ్లలోపు 90 శాతం బాలికలకు టీకా, 35 ఏళ్లకు ఒకసారి, 45కు మరోసారి 70 శాతం మహిళలకు స్క్రీనింగ్, జబ్బు బయటపడినవారిలో 90 శాతం మందికి చికిత్స. మీ ప్రసంగాల్లో మొదటి 90 తర్వాత చప్పట్లు పడిపోతాయి, మిగతా రెండూ వినపడవు.

ఇంకో సంగతి. మోడల్‌కి మనం ఏ అంకె ఇస్తే అది దాన్నే నమ్ముతుంది. మొన్న నా ముందున్న రిజిస్టర్ పేజీలో వయసు గడి ఇలా ఉంది: 40, 45, 50, 50, 45, 60. నలభై మూడేళ్ల ఆడమనిషి ఒక్కతీ లేదు! అడిగి రాసిన వయసులు కావవి, చూసి రాసినవి. టీకా నివేదికలో 'వేసిన డోసులు' ఉంటాయి, 'వేయించుకున్న పిల్లలు' ఉండరు. రెండు డోసులు తీసుకున్న పిల్ల ఇద్దరైపోతుంది.

మీ గ్రాఫు ఏ అంచనాల మీద గీశారో బయటపెట్టండి. టీకా ఎంతమందికి అందుతుందనుకున్నారు? స్క్రీనింగ్‌లో పాజిటివ్ వచ్చినవాళ్లలో చికిత్స దాకా వెళ్లేది ఎందరనుకున్నారు? ఈ రెండోదానికి మా దగ్గర జవాబు లేదు. 'పాజిటివ్' అని రాసేశాక ఆవిడ ఏమైందో రాయడానికి మా రిజిస్టర్‌లో గడే లేదు. ఈసారి పుస్తకాలు అచ్చువేయించేటప్పుడు ఆ గడి ఒకటి గీయించండి.

ఇట్లు,
రిజిస్టర్లు సరిచూసే ఒక ఉద్యోగిని