యూరప్‌లో స్విట్జర్లాండ్ ఉందని నాకూ తెలుసు

కస్టమర్ సర్వీస్ విభాగం పెద్దలకు,

విషయం: మీ ట్రావెల్ ఛార్జింగ్ కిట్ గురించి, అంతకన్నా ఎక్కువగా మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడు గురించి.

అయ్యా,

మీకు ఈమెయిల్ పంపితే అది ఎక్కడికి పోతుందో నాకు అనుభవమే. అందుకే ఇది కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోక తప్పదు కదా.

ముందు జరిగిందేమిటో చెబుతాను. మీవాళ్లలో ఒక్కరు కూడా దీన్ని చివరిదాకా వినలేదు. మా ఆవిడతో కలిసి యూరప్ టూర్‌కి బయల్దేరేముందు మీ షోరూమ్‌లోనే కెమెరా బ్యాటరీల ఛార్జర్, దానికి తగిలించే అడాప్టర్ కలిపి అమ్మే కిట్ కొన్నాను. డబ్బా మీద ‘యూరప్ అంతటా పనిచేస్తుంది’ అని ఉంది. పారిస్‌లో పనిచేసింది. స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో గోడలోకి దూరనే లేదు. అక్కడి ప్లగ్ పాయింట్ ఆరు పలకల గుంటలా ఉంటుంది, లోపల మూడు రంధ్రాలు. సన్నటి రెండు పిన్నుల ప్లగ్ అయితే దిగుతుంది. మీరిచ్చిన గుండ్రటి లావు తల ఆ గుంట అంచు దగ్గరే ఆగిపోతుంది. కరెంటు తేడా ఏమీ లేదు, అక్కడా మనకు లాగే 230 వోల్టులు.

మేం హోటల్‌కు చేరేసరికి దుకాణాలు మూసేశారు. రిసెప్షన్‌లో ఉన్న అడాప్టర్లు మా బృందంలో వాళ్లే అప్పటికే పట్టుకుపోయారు. తెల్లారితే ఆల్ప్స్ మంచుకొండల్లోని జంగ్‌ఫ్రావ్‌యోహ్ ప్రయాణం. 3,454 మీటర్ల ఎత్తున, ఆ చలికి కెమెరాలో మిగిలిన కాస్త ఛార్జింగ్ కూడా ఇట్టే దిగిపోయింది. ఆలెచ్ హిమానీనదం ఎదురుగా ఉంటే, బతుకంతా ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు తీసిన నేను మా ఆవిడను మంచులో నిలబెట్టి ఫోన్‌తో ఫొటో తీశాను.

ఇంతవరకూ నాకు కోపం రాలేదు. డబ్బా మీద రాసినవాడు స్విట్జర్లాండ్ చూసి ఉండడులే అనుకున్నాను. అసలు కథ మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాక మొదలైంది.

లూసర్న్ హోటల్ నుంచే మొదటిసారి చేశాను, రోమింగ్ ఛార్జీలు కట్టుకుంటూ. తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీలో పలికారు. సరే, వచ్చిన హిందీలోనే చెప్పాను. ఆ అబ్బాయి అంతా విని అడిగిన మొదటి ప్రశ్న: ‘సార్, ప్లగ్ పాయింట్ స్విచ్ ఆన్ చేశారా?’ బాబూ, ఇక్కడ గోడ పాయింట్‌కు స్విచ్చే లేదు అన్నాను. ‘స్విచ్ లేకపోతే ఎలా సార్, ఒకసారి సరిగా చూడండి’ అన్నాడు. చూశాను. వంగి చూశాను, మోకాళ్ల మీద కూర్చుని చూశాను. లేని స్విచ్ ఎక్కణ్నుంచి వస్తుంది? చివరికి ‘స్విచ్ ఆన్ చేసి మళ్లీ కాల్ చేయండి’ అని పెట్టేశాడు.

రెండోసారి దొరికిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ప్రతి వాక్యానికీ ముందొక సారీ, వెనకొక సారీ. ఆ సారీల మధ్యన చెప్పిందేమిటంటే, ‘స్విట్జర్లాండ్ యూరప్‌లోనే ఉంది కదా సార్, కాబట్టి పనిచేయాలి.’ అమ్మా, భూగోళం నేనూ చదువుకున్నాను. పనిచేయాలన్నది నాకూ తెలుసు, చేయట్లేదనే కదా ఫోన్ చేసింది! పారిస్‌లో పనిచేసిందని నేను నోరు జారగానే ఆమెకు ఉత్సాహం వచ్చింది. ‘అయితే ప్రొడక్ట్‌లో ఫాల్ట్ లేదు సార్’ అని రాసేసుకుంది. మీ రికార్డుల్లో ఇప్పటికీ అదే ఉంది. ఎవరికి ఫోన్ చేసినా ముందు అదే చదివి వినిపిస్తారు.

తెనాలి తిరిగి వచ్చాక మీ వెబ్‌సైట్‌లో చాట్ ప్రయత్నించాను. అందులో మనిషి లేడు, యంత్రం ఉంది. నేనేం రాసినా ‘మీ కెమెరా మోడల్ ఎంచుకోండి’ అంటుంది. విసిగిపోయి ‘నీకో దండం తల్లీ’ అని టైప్ చేశాను. ‘ధన్యవాదాలు! మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం’ అని బదులొచ్చింది, ఫిర్యాదు మూసేసింది. ఆ వెంటనే నా అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్పమని ఒక మెసేజ్. మనిషి వెటకారం అర్థం కాని యంత్రాన్ని తెలుగువాళ్ల మీదికి వదిలిన ధైర్యానికి మాత్రం అయిదూ ఇవ్వాలి.

బెజవాడ సర్వీస్ సెంటర్‌కు స్వయంగా వెళ్లాను. టోకెన్ ఇచ్చారు, ఏసీలో కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు. నా వంతు వచ్చాక ‘ఇది యాక్సెసరీ సార్, మేం కెమెరాలే చూస్తాం’ అన్నారు. పెళ్లికి పిలిచి పంక్తిలో కూర్చోబెట్టాక విస్తరి లేదన్నట్టుంది. గొడవపడితే ఒక కుర్రాడు కిట్ లోపలికి తీసుకెళ్లి, ఏ ప్లగ్ అయినా దూరే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి, లైటు వెలగగానే నవ్వుతూ తెచ్చిచ్చాడు. జాబ్ షీట్ మీద ‘లోపం లేదు’ అని స్టాంపు కూడా వేశారు. బెజవాడలో వెలిగితే లూసర్న్‌లో వెలిగినట్టేనా అని అడిగితే, అది కంపెనీ పాలసీ అన్నారు. పాలసీ రాసినవాళ్ల ఫోన్ నంబరు ఇమ్మన్నాను. అది కూడా పాలసీలో లేదట.

కొన్నాళ్లకు మీ దగ్గర్నుంచి కొరియర్ వచ్చింది. నిజం చెప్పొద్దూ, కళ్లు చెమర్చినంత పనైంది. విప్పి చూస్తే లోపల అడాప్టర్. ఇంగ్లండ్‌లో వాడే బ్రిటిష్ త్రీ పిన్, పలక పిన్నులది! దానితో పాటు ‘మీ సంతృప్తే మా లక్ష్యం’ అని ఒక కార్డు. ఫోన్ చేస్తే, పంపింది వేరే విభాగం కాబట్టి తమకు తెలియదన్నారు. ఆ వేరే విభాగానికి కలిపి, పాట పెట్టి వదిలేశారు. మీ ఆ పాట ఇప్పుడు మా ఇంట్లో అందరికీ వచ్చు, మా మనవరాలితో సహా.

నేను ఎవరో మీకు తెలియకపోవచ్చు. ఫిల్మ్ రోల్ రోజుల నుంచీ మీ కెమెరాయే నా చేతిలో ఉంది. డిజిటల్ వచ్చినప్పుడు చుట్టుపక్కల స్టూడియోలవాళ్లు వేరే కంపెనీలకు మారినా నేను మారలేదు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లందరి చేతా మీ కెమెరాలే కొనిపించాను, కొందరికి వాయిదాలకు నేనే హామీ ఉన్నాను. ఇన్నేళ్లలో మీ నుంచి నేనడిగిందేమైనా ఉందా? ఇప్పుడు కూడా ఆ కిట్ డబ్బులు నాకు లెక్కకాదు. తిరిగిస్తే తీసుకుంటాను, అది వేరే సంగతి. డబ్బా మీద ఆ మాట తీసేయండి, లేదా స్విట్జర్లాండ్‌లో దూరే సన్నటి ప్లగ్ ఒకటి కూడా లోపల పెట్టండి. అన్నిటికన్నా ముందు, నా ఫిర్యాదు మొదటి నుంచీ చదివిన మనిషి ఎవరైనా ఒకరు నాకు ఫోన్ చేయాలి. చదివిన మనిషి అంటున్నాను, గమనించగలరు.

లేదంటే నాకూ దారులున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు నా ఫోన్‌లో సేవ్ చేసి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, గుంటూరు వినియోగదారుల కమిషన్ మా ఇంటి నుంచి బస్సు దూరం. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదట, మా లాయరు చెప్పాడు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదని కూడా ఆయనే చెప్పాడు. పనిచేయని అడాప్టరు, మీ బ్రిటిష్ కానుక, లోపం లేదన్న జాబ్ షీటు మూడూ భద్రంగా ఉన్నాయి. వచ్చే నెల మా ఫొటోగ్రాఫర్ల సంఘం మీటింగ్ ఉంది, అక్కడ వాటిని బల్ల మీద పెడతాను. మీ కెమెరాలు వాడేవాళ్లు అక్కడ చాలామందే ఉంటారు.

పదిహేను రోజులు చూస్తాను. ఫోన్ చేసేటట్లయితే ముహూర్తాల రోజుల్లో చేయకండి, పెళ్లిళ్లలో ఉంటాను, వినపడదు. నక్షత్రాల మెసేజ్ మాత్రం మళ్లీ పంపొద్దు.

ఇట్లు,
ఇంకా మీ కెమెరాయే వాడుతున్న ఒక స్టూడియో యజమాని,
తెనాలి.