కలివికోడిని గీయించండి, దాని పొదలతో సహా: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కడప జిల్లాలో డ్రాయింగ్ టీచర్‌ని. లంకమల కొండల కింద పుట్టి పెరిగినవాణ్ని. ప్రభుత్వ గోడల మీద వేయిస్తున్న బొమ్మల గురించి మీకొక విన్నపం చేసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మాకు దగ్గర్లోని ఒక పట్టణంలో పార్కు గోడకు ఈమధ్య రంగులు వేయించారు. పొడవాటి గోడ. దాని నిండా మకావ్ చిలుకలు, పెద్ద ముక్కు టూకాన్‌లు, పచ్చటి విదేశీ అడవి, మధ్యలో ఓ జలపాతం. ఒక్కటంటే ఒక్కటి మన పిట్ట లేదు. వేసినతను మంచి పనివాడే, చెయ్యి తిరిగినవాడే. కానీ ఆ పని చదరపు అడుగుకు ఇంత అని ఇచ్చిన కాంట్రాక్టు. ఏ పిట్టను వేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో వెతికితే ముందు ఏది వచ్చిందో అదే వేశాడు. సాయంత్రం పూట పిల్లలు ఆ గోడ ముందు నిలబడి పేర్లు అడుగుతుంటే తల్లిదండ్రులు చెప్పలేకపోతున్నారు.

అదే జిల్లాలో కలివికోడి ఉంది. ప్రపంచం మొత్తంలో అత్యంత అరుదైన పక్షుల్లో అదొకటి. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని మొదట నమోదు చేశాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మా ప్రాంతానికి వచ్చి, ఆ పిట్ట బొమ్మ చూపిస్తూ ఊరూరా వాకబు చేశారు. మా వైపు పిట్టలు పట్టేవాళ్లు బొమ్మ చూసి గుర్తుపట్టారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి ప్రాంతంలో ఐతన్న అనే ఆయన రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. శాస్త్రవేత్తలకు ఎనభై ఏళ్లకు పైగా దొరకని పక్షి అలా బయటపడింది. బొమ్మకు ఇంతకన్నా పెద్ద పని ఏముంటుంది సార్? దాన్ని గుర్తుపట్టగల మనుషులు ఊళ్లో ఉన్నారు. వాళ్ల దగ్గరికి సరైన బొమ్మ వెళ్లింది. అంతే.

ఆ తర్వాతే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ ఈ పిట్ట తిరిగే పొదల మీదుగా పోబోతే దారి మార్చి తవ్వారు. దాని కోసం ప్రభుత్వం ఇంత చేసింది. కానీ మా ఊళ్లలో ఇప్పుడు పదేళ్ల పిల్లల్ని అడిగితే కలివికోడి ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు అరుదు.

గీసేవాడికి అదెంత అందమైన పిట్టో చెబుతాను. జానెడు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. తల పైన ముదురు రంగు, కంటి మీదుగా వెడల్పాటి పాలమీగడ రంగు చార. గొంతు తెలుపు, దాని కింద ఇటుకరంగు మచ్చ. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు. ముక్కు పసుపు, కొస నలుపు. కాళ్లు సన్నగా, పొడవుగా ఉంటాయి, ఎందుకంటే అది ఎగిరే దానికంటే పరుగెత్తేదే ఎక్కువ. పగలు కనపడదు. పొద్దుగూకాక బయటికొస్తుంది.

ఈ రంగులు చూస్తే నాకు శ్రీకాళహస్తి కలంకారీ గుర్తొస్తుంది. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి తీసే నలుపు, మంజిష్ఠ ఎరుపు, కరక్కాయ కలిపిన పాలలో ముంచిన గుడ్డకు వచ్చే ఆ లేత పసుపు. కలివికోడికి ఇవే కావాలి, నీలం అక్కర్లేదు. చిలకల్నీ నెమళ్లనీ తరతరాలుగా గీసిన చేతులు పక్క జిల్లాలోనే ఉన్నాయి. మీ శాఖ ఒక పెద్ద వస్త్రం వేయించి కడప కలెక్టరేట్‌లో పెట్టిస్తే చూడాలని నా కోరిక.

అయితే పిట్టను ఒక్కదాన్నే గీస్తే సరిపోదు. నాకు అసలు బాధ ఇక్కడే. మా క్లాసులో ప్రకృతి దృశ్యం వేయమంటే పిల్లలు రెండు మొనతేలిన కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, కొబ్బరిచెట్టు, గుడిసె వేస్తారు. కిటికీలోంచి చూస్తే లంకమల కనిపిస్తుంది. అందులో మొనతేలిన కొండ లేదు, కొబ్బరిచెట్టు లేదు. బల్లపరుపు శిఖరాలు, ఎర్రరాయి, ఎండుగడ్డి, రేగు, బలుసు, కలివి పొదలు. తాము రోజూ చూసే నేల బొమ్మకు పనికిరాదని పిల్లలకు ఎవరో నేర్పారు. పాఠ్యపుస్తకాలు, క్యాలెండర్లు, పార్కు గోడలు, అన్నీ కలిసి నేర్పాయి.

దీని ఫలితం బొమ్మల దగ్గరే ఆగదు. పచ్చగా, దట్టంగా ఉంటేనే అడవి అని నమ్మే సమాజానికి ముళ్లపొదల నేల బంజరుగానే కనపడుతుంది. జేసీబీ పెట్టి చదును చేస్తుంటే ఎవరికీ ఏమీ అనిపించదు. కలివికోడికి కావలసింది ఆ నేలే. పొదలు మరీ దట్టమైతే ఉండదు, మరీ పలచనైనా ఉండదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి ఖాళీ కావాలి. ఆ ఖాళీని సరిగ్గా గీయాలంటే పెయింటరు అక్కడికి వెళ్లి నిలబడాల్సిందే. నల్లగా మాగిన కలివిపండ్లు చిన్నప్పుడు కోసుకు తిన్న మా తరం వాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కడ ఏ పొద ఉండేదో వాళ్లకు గుర్తుంది. వాళ్లను పెయింటర్ల పక్కన కూర్చోబెడితే, ఇప్పుడు నిమ్మతోటలుగా మారిపోయిన చోట్లు కూడా బొమ్మల్లోకి వస్తాయి.

అందుకే అడుగుతున్నాను. ప్రభుత్వ డబ్బుతో గోడబొమ్మలు వేయించే ప్రతి టెండరులో ఆ జిల్లా పక్షులు, ఆ జిల్లా నేల అనే షరతు పెట్టించండి. నంద్యాలలో అయితే రోళ్లపాడు గడ్డిమైదానం, బట్టమేకపిట్ట. నేలపట్టు దగ్గరైతే నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూడబాతుల గూళ్లు. కొల్లేరు వైపు ఎర్రకాళ్ల కొంగలు. పని మొదలయ్యే ముందు పెయింటర్లను అటవీ సిబ్బందితో కనీసం రెండు రోజులు అక్కడికి పంపండి, ఆ రోజులకు కూలీ కట్టివ్వండి. చదరపు అడుగు లెక్కలో ఆ రెండు రోజులు రావు కాబట్టే ఎవరూ వెళ్లడం లేదు.

లంకమల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. బొమ్మల పేరుతో రాత్రిపూట ఎవరినీ లోపలికి వదలకండి. లైట్లు వేసుకుని జనం తిరిగితే ఉన్న ఆ కాసిన్ని పిట్టలూ బెదిరిపోతాయి. పగటిపూట నేలను చూసి, పిట్టను మ్యూజియం నమూనాల నుంచి, ఉన్న కొద్దిపాటి ఫొటోల నుంచి గీసుకోవచ్చు.

మా బడికి రోడ్డు వైపు ఖాళీ గోడ ఉంది. రంగుల ఖర్చు మేమే పెట్టుకుంటాం, పిల్లలు సిద్ధంగా ఉన్నారు. పొదల పేర్లు తెలిసిన ఒక ఫారెస్టు గార్డును ఓ ఆదివారం మాతో పంపించమని మీ డివిజన్ ఆఫీసుకు ఒక మాట చెప్పించండి.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్,
కడప జిల్లా